దానం చేశాడు, దఖలు పరచలేదు

రుమేనియా రాజధాని బుఖారెస్ట్ నగరంలోని రహోవా మార్గంలో బ్రగదీరు సౌధం అనే విశాలమైన భవనం ఒకటుంది. ఒక బీరు కర్మాగారం యజమాని తన వద్ద పనిచేసే కార్మికుల వినోద విజ్ఞానాల కోసం దానిని కట్టించాడు. 1905లో మొదలైన నిర్మాణం 1911 నాటికి పూర్తయింది. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం శ్రామిక వర్గం పేరిట దానిని స్వాధీనం చేసుకుంది. 1989లో ఆ పాలన కూలిపోయిన తరువాత భవనం యజమాని వారసులకు తిరిగి దక్కింది. నేడు అందులో వివాహ విందులు, వాణిజ్య సంస్థల వేడుకలు జరుగుతున్నాయి. భవనం నిలిచింది, దాత పేరు నిలిచింది. ఎవరి కోసం అది వెలిసిందో ఆ కార్మికులకు మాత్రం ఈ మూడు ఘట్టాలలో ఏ ఒక్కదానిలోనూ దానిపై హక్కు సంక్రమించలేదు.

ఈ వైపరీత్యానికి దాత దురుద్దేశం కారణమనడానికి ఆధారం లేదు. పైగా అతడు స్వయంకృషితో పైకి వచ్చినవాడు. సంపాదించిన దానిలో కొంత నలుగురికీ పంచాలని తలచినవాడు. లోపమల్లా దానం చేసిన తీరులో ఉంది. అనుభవించే అవకాశాన్ని ఇచ్చి, అధికారాన్ని తన వద్దనే ఉంచుకున్న దానం ఎంత పెద్దదైనా చివరకు దాత ఆస్తిగానే మిగులుతుంది. ఆస్తిగానే చేతులు మారుతుంది. కంపెనీల లాభాలలో కొంత భాగాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలని చట్టమే శాసించిన మన దేశంలో ఈ రుమేనియా అనుభవం పరిశీలించదగినది.

కొత్త రాజ్యం, కొత్త యజమాని

దుమిత్రు మారినెస్కు 1842లో జన్మించి 1915లో మరణించాడు. రాజధానికి నైరుతి దిశలో ఉన్న బ్రగదీరు గ్రామం పేరే అతనికి ఇంటిపేరుగా స్థిరపడింది. వారసత్వంగా వచ్చిన కర్మాగారం గానీ, జమీందారీ గానీ అతనికి లేవు. యౌవనంలోనే మద్య వ్యాపారంలో ఇతరుల కింద పనికి కుదిరి, క్రమంగా సొంతంగా సారాయి బట్టీలోకి, అక్కడినుంచి పరిశ్రమలోకి అడుగుపెట్టాడు. 1895లో బుఖారెస్ట్‌లో బీరు కర్మాగారాన్ని నెలకొల్పే నాటికి అతని వయసు యాభై దాటింది.

ఆ ఎదుగుదలలో వ్యక్తి ప్రతిభతో పాటు కాలం చేసిన మేలు కూడా ఉంది. 1877-78 యుద్ధం తరువాత ఒట్టోమన్ ఆధిపత్యం నుంచి విముక్తి పొందిన రుమేనియా 1881లో రాజ్యంగా ప్రకటించుకుంది. ధాన్యం ఎగుమతి చేసి, తయారైన వస్తువులను పొరుగున ఉన్న ఆస్ట్రియా-హంగరీ నుంచి దిగుమతి చేసుకునే దేశమది. 1886లో ఆ సామ్రాజ్యంతో సుంకాల పోరు తలెత్తింది. మరుసటి ఏడాది, 1887లో, జాతీయ పరిశ్రమల ప్రోత్సాహక చట్టం వచ్చింది. నిర్ణీత స్థాయి పెట్టుబడి లేదా కార్మికుల సంఖ్య ఉన్న కర్మాగారాలకు పన్ను మినహాయింపులు, యంత్రాల దిగుమతిపై సుంకం రాయితీలు ఆ చట్టం కల్పించింది. స్వాతంత్ర్యానంతరం మన దేశం అనుసరించిన రక్షిత పరిశ్రమల విధానానికి ఇది అనేక విధాల పూర్వరూపం. దేశీయ పారిశ్రామికవేత్త అనే కొత్త వర్గం రుమేనియాలో పుట్టింది ఈ వాతావరణంలోనే.

బీరు తయారీకి సారాయి బట్టీ చాలదు. ప్లమ్ పండ్ల నుంచి సారాయిని రుమేనియా రైతు తన పెరట్లోనే దించుకోగలడు. బీరు సంగతి వేరు. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టాలి, ఉడికించాలి, హాప్స్ పూలతో మరిగించాలి, ఈస్టుతో పులియబెట్టాలి. ఆ తరువాత వారాల తరబడి చల్లని గదులలో నిలవ ఉంచాలి. ఆవిరి యంత్రాలు, శీతలీకరణ సాధనాలు, పీపాలు, బండ్లు, నైపుణ్యం గల పనివారు అన్నీ ఒకేచోట సమకూడాలి. ఈ విద్యలో జర్మన్, ఆస్ట్రియన్ కుటుంబాలదే పైచేయిగా ఉండేది. బుఖారెస్ట్‌లోనే 1869లో ఎర్హార్డ్ లూథర్ స్థాపించిన కర్మాగారం అప్పటికే పేరు మోసింది. అలాంటి రంగంలో ఒకప్పుడు కూలికి పనిచేసిన స్థానికుడు నిలదొక్కుకోవడం సామాన్యమైన విషయం కాదు.

సౌధం ఇచ్చినది, ఇవ్వనిది

సంపద చేకూరిన తరువాత బ్రగదీరు తన గ్రామాన్ని మరచిపోలేదు. అక్కడ బడి, ప్రార్థనాలయం అతని సహాయంతో వెలిశాయి. రాజధానిలో కర్మాగారానికి చేరువలోనే, ఆస్ట్రియన్ వాస్తుశిల్పి ఆంటోన్ షుకెర్ల్ రూపకల్పన చేసిన సౌధాన్ని నిర్మింపజేశాడు. ప్రదర్శనలకూ సభలకూ పనికివచ్చే పెద్ద శాల, గ్రంథాలయం, ఆటలకు వసతి, అంగళ్లు అందులో ఏర్పడ్డాయి. పగలంతా బట్టీల వేడిలో, నేలమాళిగల చలిలో పనిచేసే మనిషి సాయంత్రం నాటకం చూడవచ్చు, పుస్తకం చదవవచ్చు, కుటుంబంతో కూర్చోవచ్చు. పాలరాతి మెట్లూ చిత్రాలంకృతమైన పైకప్పులూ ధనవంతులకే పరిమితమైన ఆ రోజులలో కార్మికుల కోసం అంత హంగుతో భవనం కట్టాలన్న ఆలోచన రావడమే విశేషం. దీనిని తక్కువ చేసి చూపడం న్యాయం కాదు.

అయితే అదే కాలంలో, గోడల అవతల జరిగినదాన్ని కూడా గమనించాలి. సౌధం నిర్మాణంలో ఉండగానే, 1907లో రుమేనియా రైతాంగం తిరగబడింది. దేశంలోని సాగుభూమిలో సుమారు సగం కొద్ది వేలమంది పెద్ద భూస్వాముల చేతిలో ఉండేది. కౌలు భారం భరించలేక మోల్డావియా ప్రాంతంలోని ఫ్లమింజ్ గ్రామంలో రాజుకున్న నిప్పు కొద్ది వారాలలోనే దక్షిణాదికి పాకింది. సైన్యం దానిని తుపాకులతో అణచివేసింది. మృతులు వేలల్లో ఉన్నారన్నది అంగీకృతమే. ఎన్ని వేలన్న విషయంపై చరిత్రకారుల వాదం నేటికీ తేలలేదు. బార్లీ పండించే పల్లె అలా మండుతుండగా, బార్లీతో బీరు కాచే పట్టణంలో కార్మికులకు కళామందిరం లేస్తోంది. ఒక యజమాని ఔదార్యానికి ఉన్న పరిధి ఎంతో ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది. అతని దయ అతని కర్మాగారం గేటు వరకే చేరగలదు. భూమి పంపిణీ, కౌలు నియంత్రణ, కూలిరేట్లు అతని చేతిలోనివి కావు.

సౌధం తెరుచుకున్న మరుసటి సంవత్సరం, 1912లో, మంత్రి నెనిట్సెస్కు పేరుతో ప్రసిద్ధమైన చట్టం రుమేనియాలో అమలులోకి వచ్చింది. అనారోగ్యం, ప్రమాదం, వృద్ధాప్యం సంభవించినప్పుడు శ్రామికుడికి బీమా రక్షణ కల్పించడం దాని ఉద్దేశం. గ్రంథాలయంతో, నాటకశాలతో పోల్చినప్పుడు ఇది నీరసమైన కాగితపు వ్యవహారంగా కనిపించవచ్చు. కానీ చేయి విరిగిన కార్మికుడికి ఏది అక్కరకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మొదటిది యజమాని మంచివాడైతేనే దొరుకుతుంది. రెండవది యజమాని ఎలాంటివాడైనా అడిగి తీసుకోదగినది. దానానికీ హక్కుకూ మధ్య గల తేడా ఇదే.

మద్యం సొమ్ము, ధర్మం సొమ్ము

మద్యం అమ్మి సంపాదించినవాడిని దాతగా కీర్తించవచ్చునా అన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి సహజంగానే తోస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిల్చిన సారా వ్యతిరేకోద్యమం, 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు ఇంకా మరుగున పడని విషయాలు. కూలి డబ్బు తాగుడుకు పోయిన ఇంటి ఇల్లాలికి ఆ డబ్బుతో కట్టిన గ్రంథాలయం ఊరట కలిగించదు. ఐరోపాలో బీరు సారాయి కంటే మేలైన పానీయంగా, భోజనంలో భాగంగా చెలామణి అయిందన్న వాదన కద్దు. ఆ వాదనలో కొంత నిజం ఉన్నా, అమ్మకం పెరిగితేనే దానం పెరిగే ఏర్పాటులో ఒక అంతర్వైరుధ్యం ఉన్న మాటను అది తుడిచివేయలేదు. అయినా ఈ ప్రశ్న మద్యానికే పరిమితం కాదు. భూమి, గనులు, వడ్డీ, ఓడలు, పొగాకు, వీటిలో దేని ద్వారా పోగుపడిన సంపదకైనా ఇదే పరీక్ష వర్తిస్తుంది. సొమ్ము ఎలా వచ్చిందని ఎంత గట్టిగా అడగాలో, ఇచ్చిన తరువాత అది ఎవరి ఆధీనంలో ఉందని కూడా అంత గట్టిగా అడగాలి. రెండో ప్రశ్న సాధారణంగా ఎవరూ వేయరు.

బ్రగదీరు విషయంలో ఆ ప్రశ్నకు 1948 జూన్ 11 సమాధానం చెప్పింది. ఆ రోజున రుమేనియా కమ్యూనిస్టు ప్రభుత్వం పరిశ్రమలు, బ్యాంకులు, గనులు, రవాణా సంస్థల జాతీయకరణ చట్టాన్ని ఆమోదింపజేసింది. బీరు కర్మాగారం ప్రభుత్వ సంస్థగా మారింది. సౌధం కూడా కుటుంబం చేజారింది. అంతా శ్రామికుల పేరిట జరిగినా, నిర్ణయాధికారం కర్మాగారంలోని కార్మికులకు కాక పార్టీకీ మంత్రిత్వ శాఖకూ దక్కింది. వెనుకటి యజమాని ఒక వ్యక్తి, కొత్త యజమాని ఒక యంత్రాంగం. శాలలో ఏ నాటకం ఆడాలో తేల్చే అధికారం అప్పుడూ కార్మికుడిది కాదు, ఇప్పుడూ కాదు. 1989 డిసెంబరులో చౌషెస్కు పాలన అంతమైన తరువాత ఆస్తుల పునరుద్ధరణ మొదలైనప్పుడు, చట్టం దృష్టిలో తేలిన ప్రశ్న ఒక్కటే: 1948కి ముందు పట్టా ఎవరి పేరిట ఉంది? కుటుంబం పేరిట ఉంది గనుక కుటుంబానికి వెళ్లింది. ఇందులో అన్యాయం లేదు, అక్రమం లేదు. కానీ కార్మికుల కోసమన్న సంకల్పం ఏ దస్తావేజులోనూ హక్కుగా రూపుదిద్దుకోలేదు కాబట్టి అది గాలిలో కలిసిపోయింది. కర్మాగారంలో ఉత్పత్తి సైతం ఆగిపోయి, కార్మికులన్న వర్గమే అక్కడ లేకుండా పోయింది.

కోపెన్‌హాగన్ దారి

ఇదే పరిశ్రమలో, ఇంచుమించు అదే కాలంలో, మరొకరు మరొక దారి తొక్కారు. డెన్మార్క్‌కు చెందిన జె.సి. యాకోబ్సెన్ 1847లో కోపెన్‌హాగన్ శివార్లలో కార్ల్స్‌బెర్గ్ కర్మాగారాన్ని ప్రారంభించాడు. కుమారుడు కార్ల్ పేరు, కర్మాగారం ఉన్న గుట్ట కలిసి ఆ పేరు వచ్చింది. బ్రగదీరు వలె అతడు అట్టడుగు నుంచి వచ్చినవాడు కాడు, అతని తండ్రి కూడా బీరు తయారీదారుడే. అతడు 1875లో ఒక ప్రయోగశాలను, 1876లో కార్ల్స్‌బెర్గ్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఫౌండేషన్ నిర్వహణను తన కుటుంబానికి కాక, డేనిష్ శాస్త్ర సాహిత్య అకాడమీ ఎన్నుకునే విద్వాంసులకు అప్పగించాడు. 1887లో అతడు మరణించాక కర్మాగారం యాజమాన్యం ఆ ఫౌండేషన్‌కే సంక్రమించింది. కుమారుడితో అతనికి తీవ్ర విభేదాలు ఉండేవన్న మాట నిజమే. ఆ నిర్ణయంలో శాస్త్రాభిమానమెంత, గృహకలహమెంత అని తూచడం కష్టం. ఫలితం మాత్రం స్పష్టం.

ఆ ప్రయోగశాలలో 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచే పద్ధతిని కనుగొన్నాడు. బీరు చెడిపోవడం వల్ల ఐరోపా అంతటా కర్మాగారాలకు కలుగుతున్న నష్టానికి అది విరుగుడు. పేటెంటు తీసుకుని లాభం గడించే అవకాశం ఉన్నా, యాకోబ్సెన్ ఆ పద్ధతిని పోటీదారులందరికీ విడిచిపెట్టాడు. అక్కడే 1909లో సోరెన్సెన్ ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పి.హెచ్. స్కేలును రూపొందించాడు. నేడు పొలంలో నేల పరీక్ష చేయించే రైతు, ప్రయోగశాలలో విద్యార్థి ఉపయోగిస్తున్న కొలమానం ఆ బీరు కర్మాగారపు ప్రయోగశాలలో పుట్టినదే. ఫౌండేషన్ నేటికీ కంపెనీలో ఓటు హక్కుల పరంగా ఆధిక్యత కలిగి, శాస్త్ర పరిశోధనకు నిధులు సమకూరుస్తోంది.

ఈ పోలికకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. బ్రగదీరు కూడా ఫౌండేషన్ పెట్టి ఉంటే 1948 తుపానుకు అది ఆగేదా? ఆగేది కాదు. రుమేనియా అకాడమీ వంటి జాతీయ సంస్థ సైతం ఆ సంవత్సరమే ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లింది. డెన్మార్క్‌కు దక్కిన రాజకీయ సుస్థిరత రుమేనియాకు దక్కలేదు. దస్తావేజు ఎంత పకడ్బందీగా ఉన్నా దానిని గౌరవించే రాజ్యం లేకపోతే అది చిత్తుకాగితమే. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవలసిందే. కానీ 1989 తరువాత సంగతి వేరు. ఆస్తులను పూర్వ హక్కుదారులకు తిరిగి అప్పగించే రోజు వచ్చినప్పుడు, కార్మికుల సంఘమో, సార్వజనిక ట్రస్టో పాత హక్కుదారుగా ఉండి ఉంటే కనీసం తలుపు తట్టేందుకు ఒకరు ఉండేవారు. ఆ తలుపు తట్టేవారే లేకపోయారు. దఖలు పరచని దానానికి జరిగిన నష్టం ఇదీ.

భారతీయ అనుభవం

మన దేశంలో ఈ రెండు దారులకూ ఉదాహరణలున్నాయి. టాటా కుటుంబంలో రతన్‌జీ పేరిట 1919లో, దొరాబ్జీ పేరిట 1932లో ఏర్పడిన ట్రస్టులకు వారి వాటాలు బదలాయింపయ్యాయి. టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా నేడు అలాంటి ట్రస్టుల చేతిలోనే ఉంది. మరోవైపు, పట్టణ పట్టణాన ధర్మసత్రాలు, ఆసుపత్రులు, పాఠశాలలు దాతల పేర్లతో వెలసి, రెండు మూడు తరాలు గడిచేసరికి వారసుల వ్యాజ్యాలలో చిక్కుకోవడమో, వాణిజ్య సముదాయాలుగా మారడమో అందరూ ఎరిగినదే. శిలాఫలకం గోడపైనే ఉంటుంది, ప్రయోజనం మాత్రం మాయమవుతుంది.

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ఈ వ్యవహారాన్ని వ్యక్తి ఇష్టానికి వదిలిపెట్టలేదు. నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని 2014 ఏప్రిల్ నుంచి నిర్బంధం చేసింది. ఆసక్తికరమైన అంశమేమిటంటే, తన ఉద్యోగులకు మాత్రమే ప్రయోజనం కలిగించే పనులను కంపెనీ ఈ లెక్కలో చూపడానికి వీలులేదు. అంటే బ్రగదీరు నేడు భారతదేశంలో తన కార్మికుల కోసం ఆ సౌధం కట్టి ఉంటే అది సామాజిక బాధ్యతగా లెక్కకు రాదు. కార్మికుల సంక్షేమం యజమాని ప్రసాదించే ధర్మం కాదు, అతని విధి అన్న భావన దీని వెనుక ఉంది. బుఖారెస్ట్‌లో కర్మాగారాన్ని జాతీయం చేసిన 1948లోనే మన దేశంలో కర్మాగారాల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చి, క్యాంటీన్ మొదలు వైద్యం వరకు అనేక వసతులను యజమాని దయ నుంచి చట్టం పరిధిలోకి తెచ్చిన సంగతి ఇక్కడ గమనార్హం.

2021లో సవరించిన నిబంధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. సామాజిక బాధ్యత నిధులతో సృష్టించిన స్థిరాస్తి కంపెనీ పేరిట ఉండరాదు. నమోదైన సార్వజనిక ట్రస్టు, సొసైటీ లేదా లాభాపేక్ష లేని కంపెనీ పేరిటగానీ, లబ్ధిదారుల స్వయం సహాయక బృందాల పేరిటగానీ, ప్రభుత్వ సంస్థ పేరిటగానీ ఉండాలి. బ్రగదీరు సౌధం చరిత్రలో కనిపించిన లోపాన్ని సరిదిద్దేందుకు ఇంతకంటే సూటియైన నిబంధనను ఊహించడం కష్టం.

అయితే ఇంతటితో తృప్తి పడడానికి వీలులేదు. సదరు ట్రస్టును కంపెనీయే స్థాపించుకోవచ్చు, దానిలో తనవారినే నియమించుకోవచ్చు. అప్పుడు పట్టా చేతులు మారుతుంది, పెత్తనం మారదు. లబ్ధిదారుల బృందాల పేరిట ఆస్తి పెట్టే మార్గాన్ని చట్టం తెరిచి ఉంచినా, దానిని తప్పనిసరి చేయలేదు. ఒక గ్రామంలో కంపెనీ నిధులతో కట్టిన నీటిశుద్ధి కేంద్రం చెడిపోతే మరమ్మతు చేయమని అడిగే హక్కు ఆ గ్రామస్థులకు ఉందా, లేక విన్నపం చేసుకునే స్వేచ్ఛ మాత్రమే ఉందా? ఎన్ని కోట్లు ఖర్చయ్యాయన్న ప్రకటనలకు బదులు ఈ ప్రశ్నకు సమాధానం కంపెనీల వార్షిక నివేదికలలో కనిపించాలి. ఆస్తి ఎవరి పేరిట ఉంది, నిర్వహణ సంఘంలో స్థానికులు ఎందరు, కంపెనీ తప్పుకున్నాక పోషణ బాధ్యత ఎవరిది అన్న మూడు వివరాలను నివేదికలో తప్పనిసరి చేయడానికి పెద్ద వ్యయం అవసరం లేదు.

బ్రగదీరు దాతృత్వాన్ని శంకించవలసిన అగత్యం లేదు. కూలిమనిషిగా బయలుదేరినవాడు తనవంటివారి కోసం ఒక సౌధం తలపెట్టడం ఆ రోజులలో అరుదైన విషయం. అతని భవనం నేటికీ చెక్కుచెదరకుండా నిలిచిందంటే అందులో అతడు వెచ్చించిన శ్రద్ధ కొంత ఉంది. ఆ శ్రద్ధలో నూరో వంతు దస్తావేజుపై పెట్టి ఉంటే కార్మికుల వారసులకు అందులో నేడు ఒక గదైనా మిగిలేదేమో. మన కంపెనీలు పల్లెల్లో, పట్టణాలలో కట్టిస్తున్న భవనాల విషయంలో అలాంటి విచారానికి తావు లేకుండా చూడటం ప్రభుత్వం బాధ్యత. అడిగి రాయించుకోవడం ప్రజల బాధ్యత.